సుబ్బులు చేతి ముద్ద

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు, పైకి చూస్తే ఒక పిల్లి సంగతి. నవ్వొస్తే నవ్వండి. చివరిదాకా విన్నాక కూడా నవ్వగలిగితే మీ ఇష్టం. నేను మాటకి వెనకాడే మనిషిని కాను. మా ఊరి మునసబుని సైతం ముఖం మీదే నిలదీసినదాన్ని. అలాంటి నోరు ఒక్కచోట మూతపడింది. ఎందుకు మూతపడిందో నాకు బాగా తెలుసు.

సాగర్ కాలవ ఇంకా మా పొలాల్లోకి రాని రోజులవి. గురజాల దగ్గర మా అత్తవారి ఊరు. పెద్దకోడలిని నేను, చిన్నకోడలు సుబ్బులు. నాకు అప్పటికే ఒక కొడుకు, మళ్ళీ నెల తప్పాను. సుబ్బులు కాపరానికొచ్చి ఏళ్ళు గడిచినా కడుపు పండలేదు. మా ఇంట్లో చిట్టి అని ఒక ఆడపిల్లి ఉండేది. అది ఈనిన ప్రతిసారీ పాలేరు కూనల్ని గోనెసంచిలో వేసుకుపోయి వాగు అవతల వదిలేసి వచ్చేవాడు. అవి బతకవని అందరికీ తెలుసు. చిట్టి గదిగదికీ తిరిగి అరిచేది. ఆ అరుపు నేను భరించలేకపోయాను.

నరసరావుపేటలో మా అన్న పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. పిల్లలు పుట్టకుండా పిల్లికి ఆపరేషన్ చేయించవచ్చని అన్న చెప్పాడు. పుట్టింట్లో ఎలుకలు ఎక్కువయ్యాయని అత్తమ్మకి చెప్పి, చిట్టిని మూతగంపలో పెట్టుకుని బస్సెక్కాను. నిజం చెబితే, కడుపుతో ఉన్నదానివి, ఆడజీవం కడుపు కోయిస్తావా అని ఆవిడ గుండెలు బాదుకునేది. అందుకే దాచాను. ఆపరేషన్ చేయించడం తప్పని ఈ రోజుకీ అనుకోను.

పత్తితీతలు మొదలయ్యాయని కబురు రావడంతో, కుట్లు విప్పకముందే తిరిగి రావలసి వచ్చింది. రేకు గీసుకుని పొట్ట తెగిందని, అన్న కుట్లు వేయించాడని ఇంట్లో చెప్పాను. కుట్టు నాకనివ్వకూడదు, ఎగరనివ్వకూడదు, తడి తగలకూడదు. పాత పంచె చించి, కాళ్ళు దూరడానికి కన్నాలు పెట్టి, పొట్ట చుట్టూ తిప్పి వీపు మీద ముడివేశాను. ఆ కట్టుతో చిట్టికి రోజంతా పోట్లాటే. నాకేమో వేవిళ్ళు. మందు వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పేది.

ఎవరూ చెప్పకుండానే సుబ్బులు ఆ పని అందుకుంది. జొన్నల గదిలో ఒక మూల గోనెపట్టా పరిచింది. పిల్లి అటకెక్కకుండా నిచ్చెన తీసేసింది. గిన్నెలో పెడితే చిట్టి ముట్టేది కాదు. పాలన్నం మెత్తగా పిసికి సుబ్బులు అరచేతిలో పెడితే మాత్రం ఆ చేయి నాకి నాకి తినేది. కట్టు విప్పి పొడిమందు చల్లేటప్పుడు గడ్డం కింద వేళ్ళు పెట్టి పట్టుకుని, దానితో ఏవో కబుర్లు చెబుతూనే ఉండేది. కుట్టు ఊడకుండా, చీము పట్టకుండా మానిందంటే అది ఆమె చలవే. అన్న వచ్చి కుట్లు విప్పుతూ, బాగా చూసుకున్నావే అని నన్ను మెచ్చుకున్నాడు. ఆ మెప్పు కూడా నేనే పుచ్చుకున్నాను.

ఏడాది తిరిగింది. నాకు ఆడపిల్ల పుట్టింది. చిట్టి మాత్రం ఈనలేదు. ఆ సంగతి అత్తమ్మ లెక్కలోకి తీసుకుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. చిన్నకొడుక్కి రెండో పెళ్ళి చేయాలని ఆవిడ ఎప్పటినుంచో పోరుతోంది. మా మరిదికి పెళ్ళామంటే ప్రాణం. ఆ మాటెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఒకరోజు అందరం వసారాలో ఉండగా అత్తమ్మ అంది.

"దాని చేతి ముద్ద తిని నోరులేని జీవం గూడా గొడ్డుబోయింది. నీకింకేం రుజువు గావాల్రా?"

మరిది ఈసారి లేవలేదు. తల వంచుకుని కూర్చున్నాడు.

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను అదీ చేయలేదు. నోరు తెరిస్తే ఏమయ్యేది? నాలుగు తిట్లు. మగపిల్లవాణ్ణి కన్న పెద్దకోడల్ని ఎవరు వెళ్ళగొడతారు? మరి ఎందుకు ఊరుకున్నాను? భయమని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. అత్తమ్మ దగ్గర నాకు మంచి కోడలన్న పేరుంది, ఆ పేరుని ఒక పిల్లి కోసం, తోటికోడలి కోసం పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అంతే.

ఆ సాయంత్రం దొడ్లో నేను కందులు చెరుగుతుంటే సుబ్బులు వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, నిజంగా నా చేతిలో ఏమన్నా ఉందంటావా?"

నేను చేటలోంచి తల ఎత్తలేదు. "ఏమో సుబ్బులూ. పెద్దోళ్ళు ఊరికే అంటారా?"

ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. పంటలు ఇంటికొచ్చాక, కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండి రమ్మని సుబ్బులుని కారంపూడి బండెక్కించారు. మళ్ళీ తీసుకురాలేదు. ఆ వేసవిలోనే మరిదికి పెళ్ళి చేశారు. ఆ పెళ్ళిలో వడ్డన నాదే.

కాలవ నీళ్ళు వచ్చిన ఏడాది కారంపూడిలో ఇంకో పెళ్ళికి వెళ్ళాను. పందిరి చివర సుబ్బులు కనిపించింది. నన్ను చూసి నవ్వి, పిల్లలు ఎలా ఉన్నారని అడిగింది. ఇంతలో ఆమె పక్కింటి చిన్నపిల్ల వచ్చి లడ్డు కావాలని చేయి చాచింది. సుబ్బులు లడ్డుని విస్తరాకు ముక్కలో పెట్టి, నేల మీద ఉంచి, పిల్ల వైపు జరిపింది. తన చేయి ఆ చేతికి తగలనివ్వలేదు. పిల్లకి అది అలవాటే కాబోలు, వంగి తీసుకుని పరుగెత్తింది.

అప్పుడైనా చెప్పానా? బస్సు వేళయిందని లేచాను.

సుబ్బులు పోయింది. ఈ మాట ఇక ఆమెకి పనికిరాదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో పని కాదు. చిట్టికి ఆపరేషన్ చేయించింది నేను. సుబ్బులు చేతిలో ఏ దోషమూ లేదు. ఈ రెండు ముక్కలూ పైకి అనగలిగాను, ఊపిరి కాస్త ఆడుతోంది.