జేవియర్ వదిలేసిన వాక్యం

ఫిల్మ్‌నగర్‌లో జేవియర్ మొహం ఎవరికీ తెలియదు. గొంతు తెలియనివాళ్లు మాత్రం లేరు. పరభాషా సినిమాలో తాత చచ్చిపోతూ మనవడికి చెప్పే నాలుగు ముక్కలూ, గుడ్ ఫ్రైడేకి టీవీలో వేసే సినిమాలో ఆకాశం నుంచి దేవుడు పలికే మాటలూ ఆయనవే. మోతీనగర్‌లో ఆయన "వంకాయలెంత?" అని అడిగితే బండివాడు ఉలిక్కిపడి చేతులు కట్టుకున్నంత పని చేసేవాడు. ఆ గొంతంటే జేవియర్‌కి ఎంత మురిపెమో చెప్పనలవి కాదు. ఎవరైనా తొందరపెడితే, "నా మాట నిదానంగా దిగాలి నాయనా, పరుగెత్తించకు" అనేవాడు.

డబ్బింగ్‌లో ఓ కట్టుబాటుంది. తెరమీద పెదవి మూసుకున్నాక ఇక్కడ మాట వినబడకూడదు. మిగిలింది ఎంత మంచి ముక్కైనా కొట్టేయాల్సిందే. ప్రేమకథలో ఓ ముక్క పోతే ఎవడి కొంప మునిగింది? పాతికేళ్లుగా జేవియర్ రాస్తూ, చెప్తూ, కొట్టేస్తూనే బతికాడు. కొట్టేసిన ముక్కలు ఏమయ్యాయని ఒక్కరూ అడగలేదు.

అదే అలవాటుతో చేపల ఓడ సినిమా కూడా చేశాడు. దక్షిణధ్రువం దగ్గరి సముద్రంలో లోతునుండే పెద్ద చేపలు పట్టే విదేశీ కంపెనీ తీయించింది దాన్ని. ఓడల్లో కాకినాడ, విశాఖ కుర్రాళ్లు ఎక్కువయ్యేసరికి, ఓడ ఎక్కేముందు వాళ్లకు చూపించే పాఠాన్ని తెలుగులో చెప్పించుకుంది. తెరమీద తెల్లగడ్డం శాస్త్రవేత్త ఒకాయన అక్కడి నియమాలు చెప్తుంటాడు. కోసిన చేపల తలలూ పేగులూ డ్రమ్ముల్లో పోగెయ్యండి, నిండాక పారబొయ్యండి. గాలాల తాడు నీళ్లలోకి వదులుతున్నప్పుడు మాత్రం డ్రమ్ములు పొంగిపోయినా సరే పారబొయ్యకండి. కారణం సినిమాలో లేదు గానీ, ఆ వాసనకు ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షులు వచ్చిపడతాయి. గాలానికున్న ఎరను మింగి, తాడుతోపాటే అడుక్కిపోయి ఊపిరాడక చస్తాయి. రెండేళ్లకు ఒక్క గుడ్డు పెట్టే పక్షులవి. ఒకటి పోతే ఆ లోటు తొందరగా పూడేది కాదు.

జేవియర్ మొదటి వాక్యాన్ని దేవుడు పలికినట్టు పలికాడు. అది ముగిసేసరికి గడ్డమాయన నోరు మూసుకుంది. తాడు వదిలేటప్పుడు పారబొయ్యొద్దనే రెండో వాక్యానికి చోటు లేదు. పెన్నుతో దానిమీద ఒక గీత గీసి తరవాతి షాట్‌కి వెళ్లిపోయాడు.

ఆ కంపెనీ ఓడమీదకే అక్క ఫిలోమినా కొడుకు చరణ్ తేజ పనికి కుదిరాడు. తండ్రి లేని పిల్లాడని జేవియరే చదివించి, ఫాదిరీ గారితో సిఫారసు చేయించి ఎక్కించాడు. వాడికి డ్రమ్ముల పని ఇచ్చారు. డ్రమ్ము నిండింది, పారబోశాడు. అప్పుడు తాళ్లు వదులుతున్నారు. పైవాళ్లు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. మర్నాడు తాడు పైకి లాగుతుంటే, గాలం గాలానికీ చేప బదులు తడిసిన పక్షి. మనిషి చేతులు చాపినా అందనంత రెక్కలు, వేలాడుతూ. వాటిని గాలం నుంచి ఊడబెరికింది కూడా చరణ్ తేజే. నియమాలు చూసేందుకు ఓడలో ఉన్న పరిశీలకురాలు అంతా ఫోన్‌లో తీసింది.

విచారణ మొదలైంది. కుర్రాడికి వాడి భాషలోనే నేర్పించాం, కావాలని చేశాడంది కంపెనీ. తప్పు రుజువైతే చరణ్ తేజ జన్మలో ఇంకో ఓడ ఎక్కలేడు. వాణ్ణి కాకినాడకు పంపేశారు.

"మావయ్యా, సినిమాలో ఆ ముక్క లేదు. ఒట్టు, లేదు. ఆ ఒక్క మాట నువ్వు చెప్పు చాలు, నిన్ను నమ్ముతారు" అని ఫోన్‌లో ఏడ్చాడు.

"చెప్తాన్రా. ఏడవకు" అన్నాడు జేవియర్. చెప్దామనే అనుకున్నాడు కూడా, పాపం.

ఆ వారంలోనే స్టూడియో చూసుకునే సిద్ధార్థ కబురుపెట్టాడు. జేవియర్ వెళ్లేసరికి గడ్డమాయన మొహం తెరమీద సిద్ధంగా ఉంది.

"జేవియరన్నా, విచారణల ఆ సినిమా వేస్తరంట. జర ఆ ఒక్క లైను మళ్ల చెప్పాలె. మొదటినుంచే ఉన్నట్టు కలిపేస్తం. పాత కాపీ తీసేసినం."

"మా మేనల్లుడి బతుకయ్యా అది."

"నాకు ఎర్కలేదా? గని లైను కొట్టేసింది నువ్వే కదనే. గది బయటపడితే నీకు ఇంకెవడు పనిస్తడు? నీతోని నా స్టూడియో గూడ మునుగుతది. పిలగాడు చిన్నోడు, ఇంకేదన్న పని చూసుకుంటడు. నువ్వేం ఫికర్ చెయ్యకు."

వయసు అరవైకి దగ్గరపడింది. చేతిలో ఇంకో విద్య లేదు. మైకు ముందు కాకుండా ఇంకెక్కడా మనిషిగా నిలబడలేదు. సిగ్గుతో చచ్చిపోతూనే జేవియర్ అద్దాల గదిలోకి నడిచాడు. వెళ్లకుండా ఉండాల్సింది. కానీ వెళ్లాడు.

ఎరుపు దీపం వెలిగింది. ఈసారి రాజసం పక్కనపెట్టి, మామూలు మనిషిలా రెండు వాక్యాలూ గబగబా చెప్పేశాడు. రెండూ పట్టేశాయి. గడ్డమాయన నోరు మూసుకునేసరికి జేవియర్ మాట కూడా అయిపోయింది, పైగా ఊపిరి తీసుకునే సందు కూడా మిగిలింది.

"ఒక్క టేకుల ఓకే! ఏం లిప్‌సింకన్నా!" అని బయటినుంచి సిద్ధార్థ చప్పట్లు కొట్టాడు.

జేవియర్ హెడ్‌ఫోన్ తియ్యలేదు. ఆ వాక్యానికి మొదటిసారి కూడా చోటుంది. తన గొంతు తనకు ముద్దై, ఒక్కో మాటనూ సాగదీసి, ఆ చోటంతా తనే తినేశాడు. ఆ పక్షులూ, ఈ పిల్లాడూ దానికే పోయారు.

విచారణ రోజు సాయంత్రం చరణ్ తేజ ఫోన్ చేశాడు. వాడి గొంతులో ఏడుపు లేదు.

"మావయ్యా, సినిమా మళ్లీ వేశారు. నువ్వు చెప్పావు. డ్రమ్ములు పొంగినా పారబొయ్యొద్దని శుభ్రంగా చెప్పావు. నాకెందుకు గుర్తులేదో! నీ గొంతు విన్నాక ఇంక నేనేం మాట్లాడతాను? నేనే చేశానని ఒప్పేసుకున్నాను."

జేవియర్ ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"నిన్ను అనవసరంగా అనుమానించాను. అమ్మ కూడా తిట్టింది. ఏమీ అనుకోకు మావయ్యా."

"పర్లేదురా" అన్నాడు జేవియర్. "నువ్వే సరిగ్గా విని ఉండవు."

"అంతే అయ్యుంటుంది మావయ్యా" అన్నాడు కుర్రాడు.