గ్యాస్ కాదన్న మేడమ్

మాకు బయోకెమిస్ట్రీ చెప్పిన మేడమ్ పోయారని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బుతో చాలాకాలంగా మంచం మీదే ఉన్నారు. ఊహించిన కబురే అయినా చేతిలో పని సాగలేదు.

క్లాసులో ఎవరైనా "రిపోర్ట్ నార్మల్, మేడమ్" అంటే ముక్కు చిట్లించేవారు. "నొప్పి ఎప్పుడు మొదలైంది? రక్తం ఎప్పుడు తీశారు? ఆ రెండూ అడక్కుండా నార్మల్ అని ఎలా అంటారమ్మా?" అనేవారు. తెలియకపోతే ఓపిగ్గా మళ్లీ చెప్పేవారు. బద్ధకాన్ని మాత్రం క్షమించేవారు కాదు.

ఒకరోజు మా అమ్మ నన్ను చూడ్డానికి క్యాంపస్‌కు వచ్చి, డిపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర కూలబడింది. "పొట్ట పైన మండుతున్నది బిడ్డా, దవడ గుంజుతున్నది" అంది. మేడమ్ తన కారులోనే తార్నాకలోని ఓ నర్సింగ్‌హోమ్‌కు తీసుకెళ్లారు. అక్కడి డాక్టరు ఈసీజీ కాగితం చూశాడు, అమ్మ ముఖం చూడలేదు.

"గ్యాస్. ఈ ఏజ్ ఆడవాళ్లకు కామన్. గోలీ రాస్తా."

మేడమ్ పట్టుబడితే ట్రోపోనిన్ పరీక్ష చేయించాడు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి చేరే ప్రోటీన్ అది. మామూలుగానే ఉంది. రిపోర్టు మా ముందు ఊపుతూ, "చూసిన్రా? ప్రొఫెసర్లకు టెక్స్ట్‌బుక్కే లోకం" అని నవ్వాడు.

"నొప్పి మొదలై గంట కూడా కాలేదు. అది పెరగడానికి టైం పడుతుందండీ. మళ్లీ తీయండి. అప్పటిదాకా ఈవిడ ఇక్కణ్ణుంచి కదలదు" అని మేడమ్ మంచం పక్కన కూర్చున్నారు.

కొన్ని గంటల తర్వాత రెండోసారి తీస్తే అది ఎన్నో రెట్లు పెరిగింది. ఎంత పెరిగితే అంత ప్రమాదమని మాకు నేర్పింది ఆవిడే కాబట్టి, ఆ అంకె చూడగానే నేను అంబులెన్సుకు ఫోన్ చేశాను. అమ్మను అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపుతూ ఆ పెద్దమనిషి, "నాకు ముందే డౌటున్నది" అన్నాడు. మేడమ్ అతనివైపు చూడను కూడా లేదు. అమ్మ బతికింది.

మొన్న క్యాంపస్‌లో సంతాపసభకు ఆ డాక్టరూ వచ్చాడు. ఒక పేషెంటుకు గుండెపోటని తానే పసిగట్టి, మేడమ్‌తో డిస్కస్ చేశానని మైకులో చెప్పాడు. ముందు వరుసలో తలలు ఊగాయి. ఒకప్పుడు ఆవిడ ల్యాబ్‌కు ఫ్రిజ్ అడిగితే ఎగతాళి చేసిన అధికారుల తలలు కూడా వాటిలో ఉన్నాయి. పోయిన మనిషి తిరిగి జవాబు చెప్పదన్న ధైర్యం! అంతకంటే నీచమైన ధైర్యం నేను చూడలేదు.

నా పక్కన కూర్చున్న అమ్మ లేచింది. "డాక్టర్ సాబ్, గా పేషెంట్ నేనే. మీరు నాకు గ్యాస్ గోలీ రాస్తా అన్నరు. నన్ను ఆపింది మేడమ్. ఆమె లేదని అబద్ధం చెప్తరా?"

అతను మైకు బల్లమీద పెట్టి, వాచీ చూసుకుని, పనుందంటూ వెళ్లిపోయాడు. సిగ్గుపడ్డాడనుకోను. దానికీ కొంత మనసుండాలి.

సభ నుంచి తిరిగి వెళ్తూ తార్నాక మెట్రో స్టేషన్ దగ్గర నేను లిఫ్టు చూపించాను. అమ్మ వినిపించుకోలేదు. కొంగు నడుముకు దోపుకుని, ఎవరి చేయీ పట్టుకోకుండా, ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి పోయింది.