మైకులో చెప్పింది మైకులోనే

నిన్న బడి నుంచి వస్తుంటే దమ్మపేట సెంటర్ దాటాక ఎవరో చర్చి ప్రార్థన కూటాలకు షామియానా వేస్తున్నారు. ఎప్పుడో వానకు తడిసి, మడతల్లోనే మూలపడిన గుడ్డలా ఉంది. విప్పగానే గుప్పున బూజు వాసన వచ్చింది. నేను బండి పక్కకు తీసి ఆపేశాను. వెనకనుంచి పామాయిల్ గెలల లారీవాడు హారన్ కొట్టి నన్ను నాలుగు మాటలు అని పోయాడు, అననీ. ఆ వాసన వస్తే చాలు, నాకు మా దేవసహాయం అయ్యగారు గుర్తుకొస్తారు.

మాది అడవి మొదలయ్యే చోట ఉండే చిన్న ఊరు. రేకుల చర్చి, పదిహేను కుటుంబాలు. పాస్టరును మేం అయ్యగారు అంటాం. నిజం చెప్పాలంటే ఆయనకు ప్రసంగం రాదు. గొంతు బొంగురు, చెప్పిందే చెప్పేవారు. పది నిమిషాలకు సగం మంది కునుకు తీసేవాళ్లు, అందులో మా అమ్మ మొదటిది. కానీ ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు. బయటినుంచి ఎంతటి ప్రసంగీకుడు వచ్చినా సరే, ముందు ఆయనతో చాప మీద కూర్చోవాలి. ఏం చెప్పబోతున్నాడో చెప్పాలి. మైకు ఆ తర్వాతే.

ఒకసారి పట్నం నుంచి తెల్లటి మడత నలగని చొక్కాలో ఒకాయన వచ్చాడు. దేవుడు తనకు ప్రత్యేకంగా ఒక మాట ఇచ్చాడన్నాడు. అయ్యగారు బైబిలు ఆయన ముందుకు జరిపారు. "మంచిదయ్యా. ఆ వచనానికి ముందు నాలుగు వచనాలు, ఎనక నాలుగు వచనాలు సదువు, విందాం" అన్నారు. ఆయన చదివాడు. చదువుతుంటే ఆయన మాట ఆ వచనాలతోనే పొసగలేదు. చేపల పులుసుతో అన్నం తిని మధ్యాహ్నం బస్సెక్కాడు. అన్నం పెట్టకుండా మాత్రం అయ్యగారు ఎవరినీ పంపలేదు.

"మీకు అందరి మీద అనుమానమే అయ్యగారూ" అని సంఘపెద్ద విసుక్కుంటే, ఆయన నవ్వారు. "అడవిల నుంచి పుట్టగొడుగులు తెస్తే ఏ పుట్ట కాడ ఏరినవని అడగమా? వండుకొని తినేది మన పిల్లలే గదా."

అలాంటి మనిషి ఒక్కసారి చాప వేయలేదు. వచ్చింది ఆయన కొడుకు తిమోతి. రెండేళ్లు పట్నంలో బైబిలు శిక్షణ చేసి వచ్చాడు. పాట ఎత్తుకుంటే వాగు అవతలి వాళ్లు కూడా ఆగి వినేవాళ్లు. మూడు రోజులు కూటాలు పెట్టారు. వానకు షామియానా తడిసి బూజు వాసన కొట్టినా జనం కదల్లేదు. అయ్యగారు ముందు వరసలో కూర్చుని కొడుకును చూసుకుంటూ మురిసిపోయారు. ఆ మొహం నాకింకా కళ్లముందే ఉంది. మనిషన్నాక మురిసిపోడా?

రెండో రోజు సాయంత్రం తిమోతి మైకులో అన్నాడు, మాత్రలు మింగేవాళ్లది సగం విశ్వాసమేనని, వాటిని పారేసినవాళ్లనే దేవుడు బాగుచేస్తాడని. అందరూ చేతులెత్తారు. మా అమ్మ రెండు చేతులూ ఎత్తింది.

అమ్మకు మూర్ఛ. భద్రాచలం దవాఖానా మాత్రలతో నాలుగేళ్లుగా అది తలెత్తలేదు. తెల్లారి లేచి ఆ మాత్రలన్నీ వాగులో పారేసి వచ్చింది. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. నోరు పెట్టుకుని అరిచాను.

"నోర్ముయ్యవే సుగుణా! దేవుని మాట కన్నా నీ ఇంటరు ఎక్కువైందా?" అంది.

పదోరోజు పొయ్యి దగ్గర పడిపోయింది. మోచేయి దాకా కాలింది. దవాఖానాలో కట్టు కట్టి మళ్లీ మాత్రలు రాసిచ్చారు. ఇంటికొచ్చాక ఒక్కటి మింగితే ఒట్టు. "నా విశ్వాసం సాల్లేదు బిడ్డా, అందుకే వచ్చింది" అని ఏడ్చేది. పడిపోయి కాలినదాని కంటే ఆ మాట నన్ను ఎక్కువ కాల్చింది. ఈసారి పడితే లేస్తుందో లేదో అని నేను చదువు మానేసి కాపలా కూర్చున్నాను.

అయ్యగారు వచ్చి మంచం పక్కన నేలమీద కూర్చున్నారు. మాత్ర మింగమని బతిమాలారు. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"నన్ను ఓదార్చనీకి చెప్తున్నరు మీరు. తిమోతి బాబు మైకుల చెప్పిండు. మీరు ముందల్నే కూసున్నరు. తప్పైతే అప్పుడే లేస్తుంటిరి గదా, అయ్యగారూ?"

ఆయన లేచారు. తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయారు.

ఆదివారం పొద్దున్నే గొట్టం మైకు చర్చి మీదికి ఎక్కింది. ఊరంతా నవ్వుతుందని, లోపల చెప్పుకుందామని సంఘపెద్ద కాళ్లా వేళ్లా పడ్డాడట. అయ్యగారు వినలేదట. "మైకుల చెప్పింది చెవిల దిద్దితే దిద్దినట్టెట్లయితది?" అన్నారట. నేనూ అమ్మా ఇంట్లో ఉన్నాం. ఆ బొంగురు గొంతు పొలాల మీదుగా మా గుమ్మం దాకా వచ్చింది.

"ఊరోళ్లందరికీ చెప్తున్న. మొన్న నా కొడుకు తప్పు బోధ చెప్పిండు. నేను విన్న. కొడుకని నోరు మెదపలే. ఆ తప్పు నాది. మాత్రలు మింగుడు అవిశ్వాసం కాదు. పడిపోయిన తల్లి విశ్వాసం తక్కువై పడలేదు, మాత్ర ఆపి పడ్డది. పారేసినోళ్లు దండం పెడ్త, మళ్ల తెచ్చుకోండి."

సాయంత్రం మళ్లీ అదే మాట. కూటాలు ఎన్ని రోజులు జరిగాయో అన్ని రోజులూ, రెండు పూటలా చెప్పారు. పొలాల్లో పురుగుమందు కొట్టేవాళ్లు, గేదెలు తోలేవాళ్లు, చర్చి మొహం చూడనివాళ్లు అందరూ విన్నారు. కొందరు నవ్వారు కూడా. వాళ్లను తిట్టుకుంటూ నేను గుమ్మంలో నిలబడి ఏడ్చాను. మూడోరోజు అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "నీళ్లు తే" అంది.

తిమోతి ఆ ఆదివారం మధ్యాహ్నమే సంచి సర్దుకుని పోయాడు. మళ్లీ తండ్రితో మాట్లాడలేదు.

చాలా ఏళ్లకు నాకు టీచరు ఉద్యోగం వచ్చాక, స్వీట్లు పట్టుకెళ్లినప్పుడు ఉండబట్టలేక అడిగాను. అంత పని మైకులో చేయాల్సిందేనా అని. ఆయన చేతిలోని స్వీటు తినకుండా తిరిగి డబ్బాలో పెట్టారు.

"పోయిన కొడుకు ఎప్పుడన్న మళ్లొస్తడేమో బిడ్డా. మీ అమ్మ పోతే మళ్లొస్తుండెనా?"

ఆయన బతికుండగా తిమోతి రాలేదు. అయ్యగారిని మట్టిలో పెట్టిన రోజు వచ్చి, గేటు దగ్గర నిలబడి, తల్లి దగ్గరికైనా రాకుండా వెళ్లిపోయాడంతే.

ఇప్పుడు నేను క్లాసులో ఏదైనా తప్పు చెప్తే, మర్నాడు అదే బోర్డు ముందు నిలబడి, "నిన్న నేను చెప్పింది తప్పు పిల్లలూ" అంటాను. తోటి టీచర్లు నవ్వుతారు. చర్చికి కొత్త ప్రసంగీకులు వస్తే చాప నేనే వేస్తున్నాను. నన్ను చూస్తే వాళ్లకు గుబులని మా సంఘంలో అంటారు. అంటే అననీ.

అమ్మకు డెబ్బై దాటాయి. రోజూ అన్నం తిన్నాక మాత్ర అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకుంటుంది. ఆ ప్రార్థనలో నా పేరు తర్వాతెప్పుడో వస్తుంది. మొదటి మాట మాత్రం ఎప్పుడూ ఒకటే. "తండ్రీ, తిమోతి బాబును వాళ్లమ్మ కాడికి తోలుకురా." ఆ మచ్చల చేయి చూస్తూ పక్కనే కూర్చున్న నాకు, ఆ మాటకు ఆమెన్ అనడానికి పదేళ్లు పట్టింది.