పలక మీద లేని మా అవ్వ పేరు

నా పేరు మరియమ్మ, వయసు డెబ్బై ఎనిమిది, మెట్‌పల్లి దగ్గర వ్యవసాయ కుటుంబం. నేను చెప్తుంటే మనవరాలు రాస్తోంది.

మొన్న మా చర్చిలో, దాన్ని కట్టినవాళ్ల పేర్లతో కొత్త రాతి పలక పెట్టారు. మనవరాలితో మొత్తం చదివించాను. నన్ను కన్న అవ్వ పేరు లేదు. ఎందుకు లేదని పాస్టరును అడిగాను.

"గామె ఏమిచ్చింది పెద్దమ్మా?" అన్నాడు పాస్టరు.

నా ఈడు వాళ్లారా, మన అవ్వలు ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం దేవుని కుండలో వేసేవాళ్లు, గుర్తుందా? ఆ బియ్యం అమ్మిన డబ్బుతోనే ఈ చర్చి గోడలు లేచాయి. కరువులో ఒకరోజు ఆకలికి ఆగలేక ఆ కుండలో బియ్యం తీసుకున్నాను. అవ్వ కొట్టలేదు.

"నువ్వు తిను బిడ్డా. నా వంతు దేవునికి పోతది" అని, ఏమీ తినకుండానే కూలికి పోయింది.

పాస్టరయ్యా, ఆమె ఇచ్చింది అదీ. ఎల్లమ్మ అని లోతుగా చెక్కించు. నాకు చదువు రాదు, వేళ్లతో తడుముకుంటాను.

మరియమ్మ వేలిముద్ర.
చూసినవాళ్లు: శాంతమ్మ, రూతమ్మ.