పలకని మెట్టు

ఆ మెట్టు మొదటిసారి పలకనిది ఆదివారం చర్చిలో, కానుకలు పట్టేటప్పుడు పాడే పాటలో. నెమ్మదైన పాట. పాడేవాళ్ళు అందుకునే ముందు నేనొక వరుస ఒంటి స్వరాలతో వాయిస్తాను. నాలుగో స్వరం దగ్గర వేలు దిగింది, శబ్దం రాలేదు. సంచీ పట్టుకుని తిరిగేవాళ్ళు తిరుగుతున్నారు, కొంగు ముడి విప్పేవాళ్ళు విప్పుతున్నారు, ఎవరూ తలెత్తలేదు. నేనూ ఆగలేదు. రెండో చరణానికి మళ్ళీ అదే చోట అదే ఖాళీ.

మెట్టు అంటే పియానో కీ. హార్మోనియం పెట్టె ఉన్న రోజుల్నించీ మా చర్చిలో అలాగే అంటాం. ఆ పెట్టె పోయింది, తరవాత వచ్చిన చిన్న కీబోర్డూ పోయింది, ఇప్పుడు బరువైన మెట్లుండే డిజిటల్ స్టేజ్ పియానో వచ్చింది. సంఘంలో పెద్దవాళ్ళకి ఇది కూడా పెట్టే. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. కానీ ముమ్మిడివరంలో ఆటో ఎక్కి లెక్కల మాస్టారి ఇంటికి పోనియ్యమంటే డ్రైవరు బుర్ర గోక్కుంటాడు. పెట్టె మాస్టారి ఇల్లంటే తిన్నగా గుమ్మంలో దింపుతాడు. ఇన్నేళ్ళకి నాకంటూ మిగిలిన పేరు అదొక్కటే.

ఆ పేరుకే ఎసరొచ్చిందేమోనన్న అనుమానం నాకా ఆదివారమే కలిగింది. కలిగినా పైకి రానివ్వలేదు. నాకు సుగరుంది. అంతకు కొన్నాళ్ళ ముందు కొట్టుకెళ్ళి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడవబోతే ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలీదు. దారంతా కంకర. వొట్టి కాలితో నడిచొచ్చాను, ఒక్క రాయి గుచ్చుకున్నట్టు లేదు. మా ఆవిడ వెనక్కెళ్ళి రొయ్యల చెరువు గట్టు దగ్గర వెతికి తెచ్చింది. అమలాపురంలో డాక్టరుగారు నన్ను కళ్ళు మూసుకోమని, సన్నటి తీగ ఒకటి పాదాల మీద అక్కడా ఇక్కడా ఆనించి, "తెలుస్తోందాండి మాస్టారూ?" అని అడుగుతూ వెళ్ళారు. చాలాచోట్ల తెలీలేదు. "నరాలండి. ముందు కాళ్ళు, ఆ తరవాత చేతులు. జాగర్తగా ఉండాలండి" అన్నారు. నరాల విషయంలో జాగర్తగా ఉండడమంటే ఏం చెయ్యాలో నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా.

అసలు అప్పటికే నాకు ఏదీ అడగాలనిపించడం మానేసింది. కాళ్ళకి మొదలైంది పైకి కూడా పాకిందనుకుంటాను. ఎవరైనా పోయారని కబురొస్తే "అయ్యో" అనేవాణ్ణి, ఆ అయ్యో పెదాల దగ్గరే పుట్టి అక్కడే పోయేది. కూరలో ఉప్పు మరిచిపోయినా తినేసి లేచిపోతున్నానని మా ఆవిడ పక్కింటావిడతో చెప్పుకోవడం విన్నాను. బాధపడాలి కాబోలు అనుకున్నాను. ఆదివారం పొద్దున్న పియానో ముందు కూర్చున్న కాసేపే మనిషిలా ఉండేవాణ్ణి. పాట ఎత్తుకుంటే వెనక గొంతులన్నీ కదిలేవి, వాటితో పాటు నాలోనూ ఏదో కాస్త కదిలేది. చెడింది మెట్టయితే బాగుచేసుకోవచ్చు. మెట్టు కాకపోతే ఆ కాసేపు కూడా పోతుంది. కాబట్టి మెట్టే చెడిపోవాలని నేను గట్టిగా తీర్మానించుకున్నాను.

తరవాతి నాలుగైదు ఆదివారాలూ అదే చోట అదే ఖాళీ వచ్చాక, పియానో ఇంటికి పట్టుకెళ్తానని పాస్టరుగారికి చెప్పాను.

"ఏవైందండి మాస్టారూ?"

"ఎఫ్ మెట్టు పలకట్లేదండి. ఉప్పుగాలి తగిలుంటుంది."

"ఆయ్. ఉప్పుగాలేనండి" అన్నారాయన వెంటనే. ఆయన అంత తొందరగా ఒప్పుకోవడం నాకప్పుడు సుఖంగానే ఉంది.

పియానోని దుప్పట్లో చుట్టి ఆటోలో ఇంటికి చేర్చాం. లెక్కల మాస్టార్ని గనక పద్ధతిగా మొదలెట్టాను. ఇక్కడో సంగతి చెప్పాలి. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా పెట్టె మీద పడి నేర్చుకున్న నాలాంటివాళ్ళం పాటలన్నీ ఒకే స్కేల్లో వాయిస్తాం. సి మేజర్ ఒక్కటే మాకు తెలిసిన ఊరు. ఆడవాళ్ళ గొంతుకి శ్రుతి పెంచాలంటే ట్రాన్స్‌పోజ్ అనే బటన్ నొక్కుతాం. శ్రుతి మారుతుంది, వేళ్ళు మాత్రం అవే మెట్ల మీద తిరుగుతాయి. సంగీతం చదువుకున్నవాళ్ళకి ఇది నవ్వులాట. నవ్వుకోనివ్వండి, సంఘం ఇన్నేళ్ళూ ఆ బటన్ మీదే పాడింది.

ఆ బటన్ నొక్కి శ్రుతి మార్చి చూశాను. అదే మెట్టు పలకలేదు. అంటే లోపం స్వరంలో లేదు, మెట్టులోనే ఉంది. తరవాత పియానో శబ్దం తీసేసి ఆర్గన్ పెట్టి చూశాను. ఎఫ్ నిండుగా పలికింది. ఆర్గన్ శబ్దానికి మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకటే. పియానో శబ్దం అలా కాదు, నొక్కిన బలాన్ని బట్టి వస్తుంది, బొత్తిగా బలం లేకపోతే అసలు రాదు. కాబట్టి మెట్టు కింద బలాన్ని కొలిచే చోట ఏదో అరిగిపోయిందని తేల్చాను. బోర్డు మీద ఇంత శుభ్రంగా లెక్క చేసిన పిల్లాడికి నేనైతే పూర్తి మార్కులు వేసేవాణ్ణి.

కాకినాడలో ఇలాంటివి బాగుచేసే షాపతనికి ఫోన్ చేశాను.

"రీసెట్ కొట్టేరాండి?"

"కొట్టానండి."

"అయితే మెట్ల కింద రబ్బరు పట్టీలుంటాయండి. వాటికి నల్లబొట్లుంటాయి, అవి అరిగినా మురికి పట్టినా ఇలాగే అవుద్ది. స్పిరిట్టుతో తుడవండి. అప్పుటికీ అవ్వకపోతే ఈ చివరి పట్టీ తీసి మధ్యలో వేసి, మధ్యలోది చివర వేసి చూడండి. జబ్బు పట్టీతో పాటు చివరికెళ్తే రబ్బరుదేనండి."

"వెళ్ళకపోతే?"

"అప్పుడు ఇటు పంపించేద్దురు గానండి, చూద్దాం."

మంచం మీద బొంత పరిచి, పియానోని బోర్లా పడుకోబెట్టాం. మా ఆవిడ టార్చి పట్టుకుంది. స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయి, ఊడదీసినవి ఊడదీసినట్టు కొబ్బరిచిప్పల్లో వేశాం. చిన్న స్క్రూలు నా వేళ్ళ మధ్య నిలవడం లేదు. జారిపడ్డవి తను ఏరి చిప్పలో వేసింది. మెట్లు తీసేసరికి అడుగున దుమ్ము, ఎండిపోయిన చీమలు, ఒక తలపిన్నూ కనిపించాయి.

"ఇదెవరిదండీ?"

"క్వయర్లో పాడేవాళ్ళలో ఎవరిదో."

"మీ పెట్టెలోకెందుకొచ్చింది? ఆదివారం ఆదివారం అంత పెందరాళే పరిగెడతారంటే ఏమో అనుకున్నాను."

ఇదివరకైతే ఆ మాటకి పెద్దగా నవ్వేవాణ్ణి, ఇంకో రెండు అంటించేవాణ్ణి. పిన్ను చిప్పలో పడేసి, స్పిరిట్టు సీసా ఇమ్మన్నాను. తను టార్చి నా మొహం మీదికి తిప్పి ఒక్కసారి చూసి, మళ్ళీ కిందికి దించింది.

తుడిచాను, ఆరబెట్టాను, పట్టీలు అటుదిటూ ఇటుదటూ మార్చాను. మళ్ళీ బిగించి, స్విచ్చి వేసి, ఎప్పటిలా సి మీద బొటనవేలు ఆనించి వరసగా నొక్కుకుంటూ వెళ్ళాను. సి పలికింది, డి పలికింది, ఇ పలికింది. ఎఫ్ దగ్గర ఖాళీ. చివరికెళ్ళి చూస్తే అక్కడి మెట్లన్నీ శుభ్రంగా పలుకుతున్నాయి. జబ్బు పట్టీతో వెళ్ళలేదు. షాపతను "అయితే లోపల సర్క్యూట్ బోర్డేమోనండి, పంపించెయ్యండి" అన్నాడు. మర్నాడు పొద్దున్నకి ఆటో మాట్లాడాను.

మర్నాడు నేను అరుగు మీద కాఫీ తాగుతూ ఆటో కోసం చూస్తున్నాను. పియానో ఇంకా కరెంటులోనే ఉంది. దుప్పటి చుట్టే ముందు మా ఆవిడ దాన్ని తుడుస్తోంది. గుడ్డ ఆ చివర్నించి ఈ చివరికి వస్తుంటే తెల్ల మెట్లన్నీ వరసగా పలుకుతున్నాయి. ముందు నేను పట్టించుకోలేదు. తరవాత చెవి దానంతటదే స్వరాల పేర్లు చెప్పుకుంది. సి, డి, ఇ, ఎఫ్, జి. ఎక్కడా ఖాళీ లేదు.

గ్లాసు కింద పెట్టి లోపలికెళ్ళాను.

"మళ్ళీ తుడు."

"ఏం, మురికుందాండీ?"

"అక్కడే, మధ్యలో."

తుడిచింది. ఎఫ్ పలికింది.

"గుడ్డతో కాదు, వేలితో నొక్కు. మెల్లగా."

తను జన్మలో పియానో వాయించలేదు. పప్పు ఉడికిందో లేదో చూసినట్టు చూపుడువేలితో నొక్కింది. చిన్నగా, చక్కగా పలికింది. నేను నా ఉంగరం వేలు పెట్టాను. పూర్తిగా నొక్కాననే అనుకున్నాను. వంగి చూస్తే మెట్టు సగమే దిగి ఉంది. చూపుడువేలు పెట్టాను. పలికింది.

బొటనవేలు ఎప్పుడూ సి మీదే ఉంటుంది గనక, ఇన్నేళ్ళూ నా ఉంగరం వేలు ఒంటరిగా పడింది ఆ ఎఫ్ మీదే. మిగతా చోట్ల రెండు మూడు మెట్లు కలిపి నొక్కే కార్డుల్లో పక్కవేళ్ళతో కలిసి పడుతుంది, దాని లోటు బయటికి వినపడదు. శ్రుతి మార్చాను, శబ్దం మార్చాను, రబ్బరు మార్చాను. వేలొక్కటీ మార్చలేదు.

"మెట్టు బానే ఉందండీ" అంది మా ఆవిడ. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఆ వేలి కొస గట్టిగా నొక్కింది. "తెలుస్తోందా?"

"పట్టుకున్నావని కనపడుతోంది" అన్నాను.

తను కళ్ళు తుడుచుకుంది. నాకు ఏమీ అనిపించలేదు. నిజంగా ఏమీ అనిపించలేదు. ఆటో వస్తే కాకినాడ వద్దు, చర్చికి పోనియ్యమన్నాను.

శనివారం సాయంత్రం క్వయర్ ప్రాక్టీసు. పాస్టరుగారు ఎదురొచ్చి "బాగైందాండి?" అన్నారు. "ఆఁ, బాగైందండి" అన్నాను. ఎఫ్ దగ్గర చూపుడువేలు వేసుకుంటే సరిపోతుంది, ఎవరికీ తెలియక్కర్లేదు అనుకున్నాను. కానుకల పాట ఎత్తుకున్నాను. చూపుడువేలు ఎఫ్ మీద వేశాను, స్వరం పలికింది. క్వయర్ పాట అందుకుంది. ఆ నాలుగో స్వరం దగ్గరికొచ్చేసరికి అందరూ ఒక్కసారిగా ఆగిపోయారు. గుక్క తీసుకుని తరవాతి మాట నుంచి మళ్ళీ ఎత్తుకున్నారు. ఆ ఖాళీలో పియానో స్వరం ఒక్కటీ మోగింది.

"అక్కడెందుకాగేరు?" అన్నాను.

ముందు వరసలో పాడే అమ్మాయి నా దగ్గర లెక్కలు చదువుకున్నదే, ఇప్పుడు తనూ టీచరు. ఆ అమ్మాయి వైపు చూశాను.

"మీరు ఆపుతారు కదండీ మాస్టారూ."

"నేనాపలేదమ్మా. మెట్టు పలకలేదు, అంతే."

"ఆయ్" అంది తలొంచుకుని. వెనకనుంచి ఓ పెద్దావిడ, "అక్కడ గుక్క బానే ఉంటదండి. పాటకో అందం" అంది.

అప్పుడు నేననకుండా ఉండలేకపోయాను. "మెట్టు బాగానే ఉందమ్మా. నా వేలే పోయింది."

"ఆయ్, తెల్సండి" అంది ఆ అమ్మాయి. "మొదటి వారవే మీరటు వెళ్ళేక నొక్కి చూసేవండి. మీకెలా చెప్పాలో తెలీలేదు. మీరాగిన చోట మేవూ ఆగితే తప్పులా వినపడదు కదండీ అని... అందరం అనుకున్నావండి."

పాస్టరుగారు కిటికీలోంచి కొబ్బరిచెట్ల వైపు చూస్తున్నారు. ఆయన ఉప్పుగాలి ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. ఇంకెక్కడైనా అయితే మాస్టారూ మీ వేలు ఆడట్లేదని మొహం మీద చెప్పేవారు. మావాళ్ళకి అంత మాట నోటికి రాదు. దానికి బదులు పాటనే కత్తిరించుకున్నారు, సంఘం సంఘమంతా కలిసి.

నాకు కోపం వచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చింది, చెవులు వేడెక్కేంత కోపం. "నాకోసం పాటని పాడుచేస్తారా? తాతల నాటి పాటర్రా అది! ఉన్నదున్నట్టు పాడండి!" అని క్లాసులో అరిచినట్టు అరిచాను. మళ్ళీ ఎత్తుకున్నాను. ఈసారి కావాలనే ఉంగరం వేలు పెట్టాను. సగం మంది అలవాటు కొద్దీ ఆగిపోయారు. "మళ్ళీ" అన్నాను. ఇంకా ఇద్దరో ముగ్గురో ఆగారు. "మళ్ళీ" అన్నాను. ఆ తరవాతిసారి ఎవరూ ఆగలేదు. ఆ స్వరం అందరి గొంతుల్లోంచీ నిండుగా వచ్చింది, నా చేతికింద నుంచి మాత్రం ఏమీ రాలేదు. ఆ లోటు ఎంతుందో నాకు అప్పటిదాకా వినపడలేదు.

ఇవాళ చూపుడువేలుతో సర్దుకుంటాను. రేపు అదీ ఇలాగే అయితే, వీళ్ళు ఇంకో గుక్క పెట్టుకుంటారు. ఒక్కో స్వరమే వదులుకుంటూ పోతారు గానీ, లేవండి మాస్టారూ అని మాత్రం ఎవరూ అనరు. ఆ మాట అనవలసింది నేనే.

బల్ల మీద పక్కకి జరిగాను. "ఇలా రామ్మా" అన్నాను ఆ అమ్మాయితో. "వచ్చి కూర్చో. సి మీద బొటనవేలు పెట్టు."

"ఇప్పుడెందుకండీ మాస్టారూ, మీరుండగా..."

"నేనుండగానే నేర్చుకోవాలి. కూర్చో."

కూర్చుంది. పైట సర్దుకుని, భయం భయంగా ఒక్కో వేలే దింపుకుంటూ వెళ్ళింది. నాలుగోది ఉంగరం వేలు. అది ఎఫ్ మీద పడింది, చక్కగా పలికింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు, క్వయర్ అంతటి ముందూ.