చుట్టపుచూపు మాస్టారు

మా యూనివర్సిటీలో మామయ్యకు ఒక గది ఉండేది, తలుపు మీద పేరు ఉండేది. లేనిదల్లా పాఠమే.

మామయ్య మా అమ్మకు అన్నయ్య. వేరే కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. డాక్టరేటు ఉన్నవాళ్ళు చాలకపోతే తనిఖీలో యూనివర్సిటీకిచ్చే గ్రేడు తగ్గుతుంది, గ్రేడు తగ్గితే కొత్త సీట్లు రావు. అందుకని మావాళ్ళు ఆయన్ని కాగితం మీద చేర్చుకున్నారు. తనిఖీ బృందం వచ్చినప్పుడు వచ్చి కూర్చోవాలి, వాళ్ళు కదలగానే ఇంటికి వెళ్ళిపోవాలి. అటెండర్లు ఆయనకు చుట్టపుచూపు మాస్టారని పేరు పెట్టారు. నేను రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేస్తాను కనుక ఆయన్ని పిలిచే పని నా నెత్తిన పడింది.

ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "ఏమ్మా, ఈసారైనా క్లాసిస్తారా?"

అదే అడిగితే రిజిస్ట్రారు నవ్వాడు. "పాఠాలెందుకండీ, ఆయన కూర్చుంటే చాలు." నాకు ఒళ్ళు మండింది. ఉద్యోగం గుర్తొచ్చి తనిఖీ తేదీ రాసుకుని వచ్చేశాను.

చివరిసారి మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో ఒక ఏటి రాయి పెట్టుకుని వచ్చాడు. గది నిండుగా కనిపించాలని కంప్యూటర్ల బ్రాంచి పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను, బృందం ఎంతకీ రాలేదు. మామయ్య ఉండబట్టలేక రాయి తీసి, అది అంత నున్నగా ఎలా అయిందో చెప్పడం మొదలుపెట్టాడు. ఫోన్లలో తలదూర్చిన పిల్లలు ఒక్కొక్కరే తలెత్తారు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది.

"అరిగిపోయిందంతా ఎటు పోతుంది సార్?"

మామయ్య ముఖం చాటంత అయింది. సరిగ్గా అప్పుడే బృందం తొంగిచూసి, తలూపి వెళ్ళిపోయింది. వెనకే అటెండరు వచ్చాడు. "సార్, పిల్లల్ని పక్క బ్లాకులో కూర్చోబెట్టాలి. వాళ్ళు అటే వెళ్తున్నారు."

"జవాబు రేపు చెప్తానమ్మా," అన్నాడు మామయ్య. మర్నాడు తను రానక్కర్లేదన్న సంగతి ఆ క్షణాన ఆయనకు గుర్తులేదు.

మంచి గ్రేడే వచ్చింది. సీట్లు రెట్టింపయ్యాయి. మామయ్య గదిని కంప్యూటర్ ల్యాబు చేశారు, పేరు పలక ఊడదీశారు. ఆ కబురు చెప్పడానికి వెళ్ళేసరికి ఆయన మంచం పట్టి ఉన్నాడు. విని దిండు కింద తడిమాడు. రాయి నా చేతిలో పెట్టాడు.

"అదంతా ఇసుకవుతుంది. ఆ ఇసుకే ఎక్కడో అడుగున చేరి, గట్టిపడి మళ్ళీ రాయవుతుంది. ఆ పిల్లకి చెప్పు." తప్పు పోకుండా నాచేత తిరిగి చెప్పించుకున్నాడు.

కొత్త పిల్లలతో వరండాలు కిటకిటలాడుతున్నాయి. వెతగ్గా వెతగ్గా ఆ అమ్మాయి దొరికింది. మామయ్యను తనడిగిన ప్రశ్న సంగతి ఎత్తాను.

"ఏ ప్రశ్న మేడమ్?" అంది.

ఆ పిల్లనని ఏం లాభం? ఆ రోజు ఎన్ని గదుల్లో కూర్చోబెట్టారో పాపం. అయినా రాయి తన చేతిలో పెట్టి మామయ్య చెప్పిందంతా చెప్పాను. బుద్ధిగా విని, రాయి తిరిగి నా చేతికిచ్చి, ల్యాబుకు టైమైందని పరిగెత్తింది. నాకు అక్కడే ఏడుపొచ్చింది.

సాయంత్రం వెళ్ళేసరికి మామయ్య నా కోసమే చూస్తున్నాడు.

"చెప్పావా?"

"చెప్పాను మామయ్యా."

"విందా?"

"మొత్తం వింది."

ఆయాసపడుతూనే లేచి, గోడకు దిండు ఆనించుకుని కూర్చున్నాడు.

"తర్వాత ఏమడిగింది?"

రాయి ఆయనకు కనబడకుండా సంచి అడుక్కి తోశాను. ఆయన మాత్రం చొక్కా గుండీలు సర్దుకుని, ఆ ప్రశ్న కోసం నా వైపే చూస్తున్నాడు.