పచ్చ ట్యాంకు కింది కొళాయి

చింతపండు తెచ్చుకోవడానికి విజయనగరం నుంచి కుప్పం దాకా మా పికప్ బండిలో వెళ్తుంటాను. మాటిమాటికీ బంకుల్లో ఆగలేక, ఈసారి పుంగనూరులో గంగప్ప అనే వెల్డింగ్ మేస్త్రీ చేత రెండో డీజిల్ ట్యాంకు పెట్టించాను. దానికాయన చిలకపచ్చ రంగు వేసి, అడుగున నేనడగని కొళాయి ఒకటి బిగించాడు.

"ఇదెందుకండీ?" అన్నాను.

"అది నీకు గాదప్పా. దావలో డీజిలు అయిపోయి నిలబడినోళ్లకి. ఈడ టమాటా బండ్లోళ్లంతా పెట్టించుకుంటారు."

నా డీజిలు దొంగలకి దారి చూపించాడని గొణుక్కుంటూ బయల్దేరాను.

కుప్పం ఇంకా పది కిలోమీటర్లుందనగా, రోడ్డు పక్కన ఆగిపోయిన టమాటా బండి డ్రైవరు చెయ్యెత్తాడు. నేను ఆపి దిగేలోగా ఖాళీ క్యానుతో నా బండి కిందికి దూరాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అన్నాను.

"గంగప్ప కొళాయి తిప్పతాండానన్నా. పచ్చ ట్యాంకు సూసే గదా సెయ్యెత్తింది."

అయిదు లీటర్లు నిండగానే కట్టేసి, నా సీటు మీద ఒక పెట్టె టమాటాలు పెట్టి వెళ్లిపోయాడు.

ఆ వైపు నేను నోరు విప్పితే చాలు, నా యాస విని ఏ ఊరని అడగనివాళ్లుండరు. అతనొక్కడే అడగలేదు.